గుంటూరు సీమలో ధ్వనిముద్రణము: కంపెనీ గదినుండి ఇంటిగదికి

గానమును నిలుపుకొనుటకు మానవుడు రెండు సాధనములను కనిపెట్టెను. ఒకటి లిపి, రెండవది ధ్వనిని ముద్రించు యంత్రము. లిపివలన పాటలోని మాట నిలుచును. స్వరలిపివలన కొంతవరకు వరుసయు నిలుచును. కాని గాయకుని గొంతు, ఊపిరి, విరుపు, వంతపాడువారి కలయిక లిపికి లొంగవు. వీనిని పట్టుటకై 1877లో ఎడిసన్ నిర్మించిన ఫోనోగ్రాఫు మొదలుకొని నేటి కంప్యూటరు దాక ఎన్నియో యంత్రములు వచ్చినవి. ఈ యంత్రముల చరిత్ర పలుమార్లు వ్రాయబడినది. ఆ యంత్రమును ఉంచిన గది ఎవరిది, ఆ గదిలోనికి ఎవరి పాటకు ప్రవేశము లభించినది అను విషయమును అంతే శ్రద్ధతో విచారింపవలసియున్నది.

గుంటూరు సీమ పాటలలో ఏవి నిలిచినవి, ఏవి నిలువలేదు అను ప్రశ్నకు సమాధానము యంత్రమునందుకంటె గదియందే ఎక్కువగా దొరకును. గదికి యజమాని మారినపుడెల్ల ‘ముద్రింపదగిన పాట’ అను భావమును మారినది. ఆ గది నేడు స్వల్పవ్యయముతో సామాన్యుని ఇంట ఏర్పడుటకు వీలు కలిగినది. కావున ఈ వ్యాసమున మొదట ఆ గది చరిత్రను, పిదప ఇంటిగదిని ఏర్పరచుకొను విధమును, చివర దాని పరిమితులను పరిశీలింతము.

ఇచట గుంటూరు సీమ యనగా 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లాయు, దానినుండి కొంత భాగము చేరగా 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ప్రకాశము పేరు దాల్చిన జిల్లాయు అని గ్రహింపవలెను. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేరైనను, పత్తికిని మిరపకును పేరొందిన ఈ మైదానము సంస్కృతిరీత్యా ఒక్కటియే.

1. కంపెనీ గది

గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తాకు వచ్చి భారతీయ గాయకుల పాటలను ముద్రించెను. 1908లో కలకత్తాలోని సియాల్దాలో రికార్డులు తయారుచేయు కర్మాగారము వెలసినది. తెలుగు గాయకులకు ముద్రణస్థానము మద్రాసు. 1925 ప్రాంతమున విద్యుత్ మైక్రోఫోను వాడుకలోనికి వచ్చువరకు గాయకుడు బూరవంటి గొట్టములోనికి గొంతెత్తి పాడవలసియుండెను. సన్నని ధ్వనులు ఆ గొట్టమునకు అందెడివి కావు. మైక్రోఫోను వచ్చిన పిదప ఆ చిక్కు తీరినను, కాలపరిమితి తీరలేదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల రికార్డుపై ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషముల గానము మాత్రమే పట్టును.

ఈ మూడు నిమిషముల కొలతకు తెలుగున సహజముగా ఒదిగిన ప్రక్రియ నాటకపద్యము. ఒక వృత్తమును రాగాలాపనతో పాడి ముగించుటకు ఆ కాలము సరిపోవును. రంగస్థలముపై ‘వన్స్‌మోర్’ అను కేకలతో ప్రేక్షకులు పద్యమును మరల మరల పాడించుకొను అలవాటు అప్పటికే ఉన్నది. రికార్డు ఆ అలవాటును ఇంటికి తెచ్చినది: సూదిని వెనుకకు జరిపినచో అదియే వన్స్‌మోర్. 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు, సుద్దపల్లిలో 1901లో జన్మించి ఈలపాటకు ప్రసిద్ధుడైన కళ్యాణం రఘురామయ్య ఈ సీమ రంగస్థలమునకు కీర్తి తెచ్చినవారు. ఇట్టి నటగాయకుల తరము పద్యమునకు సంపాదించిన ఆదరణమును కంపెనీలు గ్రహించినవి. సంపూర్ణ నాటకములును కొన్ని రికార్డుల కట్టలుగా వెలువడినవి. కాని అవియు కుదింపబడిన నాటకములే.

ఈ కొలతకు ఒదుగని ప్రక్రియల గతి వేరు. బుర్రకథ రాత్రికి మూడేసి గంటల చొప్పున మూడు రాత్రులు సాగునని అనుకొందము. ఒక రాత్రి కథకు అరువది వైపులు, అనగా ముప్పది రికార్డులు కావలెను. మూడు రాత్రులకు తొంబది. ఏ కంపెనీయు అంత పెట్టుబడి పెట్టదు. ఏ గృహస్థుడును అంత మూల్యమిచ్చి కొనడు. కావున బుర్రకథ యంత్రమునకు అందనిది కాదు. గది లెక్కకు అందనిది. కలుపుపాట, దంపుడుపాట, పత్తి ఏరు స్త్రీల పాట మొదలగువాని స్థితి ఇంకను దుర్బలము. వానిని పాడువారే కొనువారు కారు. కొనువారు లేని పాటకు కంపెనీ గదిలో తావు లేదు.

2. ఒక ఊరు, రెండు దారులు

ఈ విషయమును పొన్నెకల్లు గ్రామము స్పష్టపరచును. తాడికొండ సమీపమునగల ఈ గ్రామమున 1920లో షేక్ నాజర్ జన్మించెను. 1936లో అదే గ్రామమున కొమ్మినేని అప్పారావు జన్మించెను. ఆయనయే సంగీత దర్శకుడు చక్రవర్తి. చక్రవర్తి మద్రాసునకు వెడలి, 1970, 1980 దశకములలో వందలాది తెలుగు చిత్రములకు సంగీతము కూర్చెను. ఆయన వరుసలు ముద్రణాలయపు గదిలోనే పుట్టి, రికార్డులుగా, క్యాసెట్లుగా ఊరూరికి చేరినవి. నాజరు కథ ఊరి నడుమ వేదికపై, రాత్రివేళ, జనసమూహము నెదుట పుట్టినది. ఆయన బుర్రకథకు పితామహుడని ప్రజలచే కొనియాడబడి, 1986లో పద్మశ్రీ పురస్కారమును పొంది, 1997లో దివంగతుడయ్యెను.

ఇరువురి ప్రతిభను తూచుట ఇచట ఉద్దేశము కాదు. ఒకరి కళ గదికి అనువైనది. మరియొకరి కళ గదికి మించినది. ఒకరి కృషి దాదాపు పూర్తిగా ముద్రింపబడినది. మరియొకరు పాడిన వేల రాత్రులలో ముద్రణకెక్కినది అల్పభాగము. నాజరు ఆత్మకథకు ‘పింజారి’ అని పేరు. దూది ఏకుట వృత్తిగాగల కులమున పుట్టినవాని గొంతు ఈ పత్తిదేశపు చరిత్రను పాడినది. ఆ గొంతు ఒక్కొక్క రాత్రి ఎట్లు మారెనో, ఏ ఊరి జనమును చూచి ఏ ఘట్టమును పెంచెనో తెలిసికొనుటకు మనకు సాధనము మిక్కిలి తక్కువ.

ఈ సీమనుండి గొంతులు వెలుపలికి పోవుటయు గదివలననే. రేపల్లె తాలూకా పల్లపట్లలో 1938లో జన్మించిన ఎస్. జానకి 1957లో మద్రాసున చలనచిత్ర గాయనియయ్యెను. 1922లో బ్రాహ్మణకోడూరులో జన్మించిన మాధవపెద్ది సత్యము పద్యగాయకుడుగా అచటనే స్థిరపడెను. సినిమాపాటను ముద్రించు గది మద్రాసున ఉన్నంతకాలము సీమ గాయకునకు ప్రయాణము తప్పనిది. ఆ ఖర్చును, ఆ పరిచయములను సంపాదింపలేనివాడు ఊరిలోనే పాడి ఊరుకొనెను.

3. రేడియో, టేపు, క్యాసెట్టు

ఆకాశవాణి మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రారంభింపబడినవి. కృష్ణకు ఆవలి ఒడ్డుననే ముద్రణాలయము వెలయుట గుంటూరు సీమకు గొప్ప మేలు. ఇచట గదికి యజమాని వర్తకుడు కాదు, ప్రభుత్వము. అమ్ముడుపోవునా అను ప్రశ్నకు బదులు ‘ప్రసారయోగ్యమా’ అను ప్రశ్న వచ్చినది. జానపదగేయమునకు, హరికథకు, బుర్రకథకు ప్రవేశము కలిగినది. ఐనను కార్యక్రమపు నిడివి గడియారమునకు లోబడినది. మూడు రాత్రుల కథ అరగంట కథగా రూపొందినది.

టేపు రికార్డరు వచ్చుటతో యంత్రమును పాటకడకు కొనిపోవు అవకాశము కలిగినది. ఈ పద్ధతికి మార్గదర్శకుడు హంగెరీ సంగీతవేత్త బేలా బార్టోక్. ఆయన 1906నుండి పల్లెలకు ఫోనోగ్రాఫును మోసికొనిపోయి రైతుల పాటలను మైనపు గొట్టములపై పట్టెను. మన సీమలో ఇట్టి కృషికి ఉదాహరణము పల్నాటి వీరగాథ. కారెంపూడిలో కార్తిక మాసాంతమున రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అను పేర్లతో ఐదు దినములు సాగు వీరుల ఉత్సవమునకు విద్యావంతులు పాడు గాథ ప్రాణము. జీన్ రోఘైర్ అను పాశ్చాత్య పరిశోధకుడు ఈ గాథను గాయకుని నోట టేపుపై ముద్రించి, ఆంగ్లానువాదముతో 1982లో ఆక్స్‌ఫర్డునుండి ప్రకటించెను. శ్రీనాథుని పేర వెలసిన కావ్యమునకును గాయకుని కథకును గల భేదములను విద్యార్థి పోల్చి చూచుటకు ఇట్టి ముద్రణమే ఆధారము. గ్రంథము గాథలోని మాటను లోకమునకు అందించినది. గొంతును వినగోరువాడు గ్రంథమునకు మూలమైన టేపును ఆశ్రయింపక తప్పదు.

ఫిలిప్స్ కంపెనీ 1963లో వెలువరించిన క్యాసెట్టు 1980 దశకమునాటికి తెలుగుదేశమున ఇంటింటికి చేరినది. పెండ్లిలో, తిరునాళ్ళలో, నాటకప్రదర్శనలో సామాన్యుడు తానే ముద్రించుట ఆరంభించెను. గది యజమానిత్వము మొదటిసారి చేతులు మారినది. ఐతే సామాన్యుని క్యాసెట్టులో పాటతోపాటు ఫ్యాను రొద, కుర్చీల చప్పుడు, మైకుసెట్టు గీపెట్టుటయు చేరినవి. యంత్రము వచ్చినది, గది ఇంకను రాలేదు.

4. ఇంటిగది

ఇంటిలోని ముద్రణము లోకమున గౌరవము పొందుటకు ఒక ఉదాహరణము చాలును. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో తన ఇంటి గదిలో నాలుగు జాడల క్యాసెట్టు యంత్రముపై కొన్ని పాటలను నమూనాగా ముద్రించుకొనెను. పిదప పెద్ద ముద్రణాలయమున వాద్యబృందముతో పాడినను ఆ గుణము రానందున, ఇంటి క్యాసెట్టునే ‘నెబ్రాస్కా’ అను పేర విడుదల చేసెను. తరువాత కంప్యూటరు సాధారణమగుటతో జాడలకు మితి తొలగినది. 2000లో వెలువడిన ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో కూర్పుపనికి మూల్యము లేకపోయినది.

కాలపరిమితియు నశించినది. సెకనుకు 48,000 కొలతలు, ఒక్కొక్క కొలతకు 24 బిట్లు చొప్పున ఒక మైకు ధ్వనిని నిలుపుటకు గంటకు సుమారు అర గిగాబైటు చాలును. తొంబది రికార్డులు కావలసిన మూడు రాత్రుల బుర్రకథ ఐదు గిగాబైట్లలో ఇమిడిపోవును. గోటియంత మెమరీకార్డు అట్టి కథలను పెక్కింటిని మోయును. కంపెనీ లెక్క ఇచట పూర్తిగా తలక్రిందులైనది.

మితమైన ధనముతో గదిని ఏర్పరచువాడు మొదట యంత్రమును కొనుట పొరపాటు. మొదట వలసినది నిశ్శబ్దము. వెలుపలి శబ్దమును ఆపుట, లోపలి మ్రోతను తగ్గించుట వేర్వేరు పనులు. మొదటిదానికి బరువైన గోడయు, సందులేని తలుపును కావలెను. ఇవి వ్యయముతో కూడినవి. కావున వీధికి దూరమైన గదిని, తెల్లవారుజామునో రాత్రి ప్రొద్దుపోయిన పిదపనో ఎన్నుకొనుట చవకైన ఉపాయము. వేసవిలో ఫ్యాను ఆపి పగటివేళ పాడుట ఈ సీమలో దుర్భరము కనుక వేకువయే శరణ్యము. యంత్రమును బ్యాటరీపై నడిపినచో కరెంటు పోయినను పాట ఆగదు. కరెంటు తీగలనుండి వచ్చు గుంయ్‌మను మ్రోతయు తగ్గును.

రెండవ పనికి కావలసిన సామగ్రి ఈ దేశమున పొలములోనే పండును. దూది ధ్వనిని మ్రింగును. ధ్వనితరంగము నూలుపోగుల నడుమ గాలిని కదల్చగా, ఆ రాపిడిలో దాని శక్తి వేడిగా మారి నశించును. ఐతే మందమును బట్టియే ఫలితము. తరంగపు నిడివిలో నాలుగవ వంతు మందముగాని ఎడముగాని ఉన్నచో మ్రింగుట బాగుగా జరుగును. 1,000 హెర్ట్జుల ధ్వనితరంగము 34 సెంటీమీటర్లు. 100 హెర్ట్జులది 3.4 మీటర్లు. కావున గోడకు అంటించిన పలుచని బొంత పై ధ్వనులను మాత్రమే మ్రింగి, క్రింది ధ్వనులను విడిచిపెట్టును. ఐదు సెంటీమీటర్ల బొంతను గోడకు పది సెంటీమీటర్ల ఎడమున వ్రేలాడదీసినచో 500 హెర్ట్జుల ప్రాంతమునుండి పైధ్వనులు అదుపులోనికి వచ్చును. క్రింది ధ్వనులు గది మూలలలో గుమిగూడును గనుక, దూది కూరిన గోతములను మూలలలో నిలువుగా పేర్చవలెను. కోడిగ్రుడ్ల అట్టలను గోడలకు అంటించు వాడుక కలదు. వానివలన ప్రయోజనము స్వల్పము. మిరప టిక్కీల సంచులను ఉదుకక వాడరాదు. ఆ ఘాటుకు గాయకునకు దగ్గు తప్పదు. దూది నిప్పునకు త్వరగా అంటుకొనును గనుక తీగల అతుకులు, దీపములు, ఛార్జర్లు దానికి దూరముగా ఉండవలెను.

ఇక యంత్రములు. ఒక మంచి మైకు, దాని ధ్వనిని అంకెలుగా మార్చు చిన్న ఇంటర్‌ఫేసు, చెవులను మూసియుంచు హెడ్‌ఫోను, గట్టి స్టాండు, ఇదివరకే ఉన్న కంప్యూటరు చాలును. మైకును గొంతునకు జానెడు దూరమున, నోటికి సూటిగా కాక కొంచెము ప్రక్కగా ఉంచినచో ప, బ, భ మొదలగు ఓష్ఠ్యములకు వెలువడు గాలి దెబ్బ తగ్గును. దూరము రెట్టింపైనచో నేరుగా వచ్చు ధ్వని 6 డెసిబెళ్ళు తగ్గి గది మ్రోత పైకి వచ్చును. కావున మ్రోతగల గదిలో దగ్గరగా పాడుటయే ఖర్చులేని చికిత్స. ముద్రించునపుడు మీటరు శిఖరమునకు 12 డెసిబెళ్ళు తక్కువగా ఉండునట్లు చూచినచో, గాయకుడు ఆవేశమున గొంతెత్తినను ధ్వని పగులదు.

వాద్యమును బట్టి అమరిక మారును. బుర్రకథలో కథకుడు తంబురతో ముందునకు వెనుకకు అడుగులు వేయును. వంతలు గుమ్మెటలు వాయింతురు. చిన్నగదిలో గుమ్మెట మ్రోత కథకుని మైకును ముంచును. ఒక్క మైకే ఉన్నపుడు వంతలను వెనుకకు జరిపి, కథకుడు కదలు వృత్తమును నేలపై గీసి చూపుట మేలు. హార్మోనియము తిత్తుల ఊపిరి మైకునకు సోకకుండ దానిని ప్రక్కకు త్రిప్పవలెను. నాదస్వరమునకు ఇంటిగది పనికిరాదు. కరవదిలో 1924లో జన్మించి శ్రీరంగమున స్థిరపడిన షేక్ చినమౌలానా వంటి విద్వాంసుల వాద్యము ఆరుబయలునకు, గుడి ప్రాకారమునకు ఉద్దేశింపబడినది. దానిని చెట్టునీడన, మైకును దూరముగా నుంచి ముద్రించుటయే యుక్తము.

5. గది చేయలేని పని

ఇంటిగది ఏర్పడినంతమాత్రమున పాట నిలిచినదని తలపరాదు. మూడు అపాయములు కలవు.

మొదటిది పాటను గది కొలతకు కోయుట. తాళమును సమముగా కొట్టు క్లిక్కు ధ్వనిని చెవిలో వినిపించి, సిద్ధముగానున్న వాద్యపు ముక్కలపై జానపదుని పాడించుట నేడు ఎక్కువైనది. మిరపకాయలు కోయు స్త్రీ తన చేతి కదలికనుబట్టి లయను, తన గొంతునుబట్టి శ్రుతిని ఎన్నుకొనును. దానిని కంప్యూటరు గడులకు సరిచేసినచో, కంపెనీ మూడు నిమిషములకు చేసిన కోతనే మనము స్వతంత్రులమై మరల చేసినవారమగుదుము.

రెండవది గదిని పొలమని భ్రమించుట. పనిపాట పనితోను, బదులు పలుకు గుంపుతోను కూడియున్నది. దానిని మొదట చేలోనే, చేతియంత్రముతో, గాలి చప్పుడుతో సహా ముద్రింపవలెను. పిదప గాయనిని ఇంటిగదికి ఆహ్వానించి మాటలు స్పష్టపడునట్లు పాడించి, పాఠభేదములను, అర్థములను అడిగి ముద్రింపవలెను. ఈ రెండును కలిసిననే పాఠము సమగ్రము. లిపిలో సేకరించిన పెద్దలు జానపదగేయమునకు విశ్వవిద్యాలయమున స్థానము సంపాదించిరి. బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో 1950 దశకమున చేసిన పరిశోధన ఇందులకు ప్రసిద్ధమైన ఆధారము. వారికి లేని సౌకర్యము నేటి విద్యార్థికి ఉన్నది.

మూడవది పాట ఉండి వివరము లేకపోవుట. పాడినవారి సమ్మతి, పేరు, ఊరు, తేదీ, సందర్భము, పాట ఎవరియొద్ద నేర్చినది అను విషయములను పాటకు ముందే నోటితో చెప్పించి ముద్రించినచో అవి పాటనుండి విడివడవు. మూలమును కుదింపని రూపముననే దాచవలెను. ఎంపీ-3 ప్రతి వినుటకు మాత్రమే. మూడు ప్రతులుంచి, అందొకటి వేరొక ఊరిలో భద్రపరచవలెను. ఒక ప్రతిని పాడినవారికి ఇచ్చుట ధర్మము. పాటవలన రాబడి కలిగినచో అందు వారికి భాగముండుటయు న్యాయము. కంపెనీ గదిలో గాయకునకు ఒకనాటి రుసుముతో పాటపై మాట పోయిన సందర్భములు పెక్కు కలవు. ఇంటిగది అట్టి అలవాటును వారసత్వముగా తీసికొనరాదు.

ఇంటిగదికి మరియొక విధి కలదు. సీమ గ్రామములలో పెట్టెలలోనున్న పాత క్యాసెట్లు, రికార్డులు బూజుపట్టుచున్నవి. వానిని అంకెలలోనికి మార్చుటకు ఇదియే తావు. 78 చుట్ల రికార్డునకు అంగుళములో వేయింట సుమారు మూడు వంతుల సూదిమొన కావలెను. తరువాతి లాంగ్‌ప్లే రికార్డుల సన్నని సూదితో దానిని నడిపినచో గాడి అడుగున కూర్చుండి రొదను పెంచును. పాత టేపు ఒక్కమారే సరిగా పలుకవచ్చును. కావున తలను శుభ్రపరచి, ముద్రణయంత్రమును సిద్ధపరచిన పిదపనే దానిని కదల్పవలెను.

6. ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలిన విషయము ఇది. గుంటూరు సీమ గానములో నిలిచిన భాగము గదికి నచ్చిన భాగము. నిలువనిది గదికి ఇమడనిది. ఆ గదికి యజమాని మొదట వర్తకుడు, పిదప ప్రభుత్వము, ఆ పిదప చలనచిత్ర నిర్మాత. నేడు నాలుగు బొంతలు, ఒక మైకు సమకూర్చుకొనగల పల్లెటూరి యువకుడును యజమాని కాగలడు. యంత్రమునకు మూల్యము తగ్గిన వేగముతోనే పాటయెరిగిన వృద్ధులును తగ్గుచున్నారు. పత్తి ఏరుట కార్తికమునుండి, మిరపకోత సంక్రాంతినుండి సాగును. ఆ దినములలో పరిశోధక విద్యార్థి గ్రంథాలయమునందుకంటె చేలగట్లపై నుండుట మేలు. రాబోవు తరమువారు మన సీమ పాటను విమర్శింతురో, మెచ్చుకొందురో వారి ఇష్టము. విమర్శించుటకైనను ముందు వినబడవలెను గదా.